నాణ్యత, నవకల్పన – వ్యాపార సాఫల్యం

సంవత్సరాంతమున చిట్టా ఆవర్జాలు ముందు వేసుకొని, రాబడిలో నుండి ఖర్చు తీసివేయగా మిగిలిన దానిని లాభమని వ్యాపారి సంతోషిస్తాడు. మిగలనప్పుడు కాలాన్నో, పోటీదారునో, ప్రభుత్వాన్నో నిందిస్తాడు. కాని చిట్టాలోని చివరి అంకె ఫలితం మాత్రమే. దాని కారణాలు పనివాని చేతిలోను, యంత్రం అమరికలోను, యజమాని ఆలోచనలోను, కొనుగోలుదారుని అనుభవంలోను ఉంటాయి. ఆ కారణాలలో ముఖ్యమైనవి రెండు. చేసే వస్తువును ప్రతిసారీ చక్కగా చేయడం మొదటిది. దీనిని నాణ్యతా నిర్వహణ అంటారు. చేసే వస్తువునో, చేసే పద్ధతినో కాలానుగుణంగా మార్చి మెరుగుపరచడం రెండవది. దీనిని నవకల్పన అంటారు. ఈ రెండూ వ్యాపార ఫలితాన్ని ఎట్లు ప్రభావితం చేస్తాయో, ఒకదానికొకటి ఎక్కడ తోడ్పడతాయో, ఎక్కడ అడ్డుపడతాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నాణ్యత అనగా నేమి?

నాణ్యము అనే మాట నాణెముతో సంబంధం కలది. నాణెంలో లోహం ఎంత మేలిమిదైతే అది అంత నాణ్యమైనది. అనగా, పైనున్న ముద్రకు లోపలి లోహం సరితూగడమే నాణ్యత. నేటి పరిశ్రమలకు కూడా ఈ అర్థం చక్కగా వర్తిస్తుంది. వస్తువుపై ఏది రాసినామో, కొనుగోలుదారునికి ఏది చెప్పినామో, లోపల అదే ఉండవలె. ఖరీదైన వస్తువు మాత్రమే నాణ్యమైనదని భావించడం పొరపాటు. పది రూపాయల కలం చివరి చుక్క వరకు సాఫీగా రాస్తే అది నాణ్యమైనదే. వేయి రూపాయల కలం రెండవ వారానికే కారితే అది నాణ్యం లేనిదే.

వ్యాపారంలో ఈ నిజాయితీని మతాలన్నీ ధర్మంగానే బోధించినవి. ఒకనాడు ప్రవక్త ముహమ్మద్ సల్లల్లాహు అలైహి వ సల్లం అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలినదనీ, వాన వల్ల తడిసినదని వ్యాపారి విన్నవించుకోగా, అట్లయితే తడిసిన భాగాన్ని అందరికీ కనబడేటట్లు పైననే ఎందుకు ఉంచలేదని ప్రశ్నించినారనీ హదీసులు తెలుపుతున్నాయి. తరువాతి కాలపు ఇస్లామీయ నగరాలలో తూనికలను, కొలతలను, సరకులను తనిఖీ చేయడానికి ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. అంగడిలో నాణ్యతను కాపాడడానికి ఏర్పడిన ప్రాచీన వ్యవస్థలలో అది ఒకటి.

తనిఖీ నుండి నివారణకు

తనిఖీకి ఒక పరిమితి ఉన్నది. వస్తువు తయారైన తరువాత లోపం పట్టుకొన్నా, అప్పటికే పదార్థం, కూలి, కాలం ఖర్చయిపోయి ఉంటాయి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు ఉంటుంది ఆ పని. ఈ చిక్కుకు శాస్త్రీయమైన పరిష్కారం చూపినవాడు అమెరికాలోని వాల్టర్ షూహార్ట్. టెలిఫోను పరికరాల తయారీకి సంబంధించి ఆయన 1924లో నియంత్రణ పటం అనే సాధనాన్ని రూపొందించినాడు. ఏ పనిలోనైనా కొద్దిపాటి హెచ్చుతగ్గులు సహజం. ఆ సహజమైన హెచ్చుతగ్గులను, ఏదో ప్రత్యేక కారణం వల్ల వచ్చిన తేడాలను వేరుచేసి చూపడమే ఆ పటం ప్రయోజనం. పటంలోని బిందువు గీత దాటినప్పుడు, లోపాలు గుట్టపడక ముందే పనివాడు కారణం వెదకవచ్చును.

అన్నం ఉడికినదో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలునని మన పెద్దలంటారు. ఆ మాట ఎందుకు నిజమవుతున్నది? ఒకే గిన్నెలో, ఒకే నీటిలో, ఒకే మంటపై బియ్యమంతా ఉడుకుతున్నది గనుక. మంట ఒక ప్రక్కన ఎక్కువ, ఒక ప్రక్కన తక్కువ అయితే ఒక మెతుకు సాక్ష్యం చెల్లదు. గణాంక శాస్త్రం కర్మాగారానికి చెప్పేది కూడా ఇదే. ముందు ప్రక్రియ స్థిరంగా ఉండవలె. అప్పుడు కొద్ది నమూనాలతోనే మొత్తం సరకును గురించి ధైర్యంగా చెప్పవచ్చును.

ఈ భావాలను జపాను దేశానికి అందించిన ప్రముఖుడు ఎడ్వర్డ్స్ డెమింగ్. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను పరిశ్రమలు నేలమట్టమైనవి. ఆనాడు జపాను సరకంటే చౌకబారుదని ప్రపంచం తలచేది. 1950లో అక్కడి శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల సంఘం ఆహ్వానంపై డెమింగ్ వెళ్ళి ఉపన్యాసాలిచ్చినాడు. ఆయన చెప్పిన తర్కం సులభమైనది. నాణ్యత పెరిగితే మరల చేసే పని తగ్గుతుంది, ఆలస్యాలు తగ్గుతాయి, పదార్థం వృథా కాదు. అందువల్ల ఖర్చు తగ్గుతుంది. ఖర్చు తగ్గితే మంచి సరకును తక్కువ ధరకు అమ్మవచ్చును. అప్పుడు అంగడి దొరుకుతుంది, సంస్థ నిలుస్తుంది, పనివారికి పని ఉంటుంది. ఆయన పేరిట 1951లో నెలకొల్పిన డెమింగ్ బహుమతి నేటికీ నాణ్యతా రంగంలో గొప్ప గౌరవం. 1954లో జోసెఫ్ జురాన్ జపాను వెళ్ళి, నాణ్యత తనిఖీదారుని పని మాత్రమే కాదనీ, యాజమాన్యపు బాధ్యత అనీ నొక్కి చెప్పినాడు.

ఒక చిన్న లెక్క

డెమింగ్ తర్కాన్ని ఒక ఊహాజనితమైన ఉదాహరణతో పరీక్షింతము. ఒక చిన్న దర్జీ కార్ఖానాలో రోజుకు 100 చొక్కాలు కుడుతున్నారనుకొందాము. చొక్కాకు ఖర్చు 300 రూపాయలు, అమ్మకపు ధర 400 రూపాయలు. రోజు ఖర్చు 30,000. కుట్టిన వానిలో 10 చొక్కాలు పనికిరానివైతే, 90 చొక్కాలకు రాబడి 36,000. లాభం 6,000 రూపాయలు.

పనిలో శ్రద్ధ వహించి పనికిరాని చొక్కాలను 10 నుండి 2కు తగ్గించినారనుకొందాము. 98 చొక్కాలకు రాబడి 39,200, లాభం 9,200. ఎనిమిది చొక్కాలు కాపాడుకొన్నందుకు లాభం సగానికి పైగా పెరిగినది. కొత్త యంత్రం గాని, కొత్త గిరాకీ గాని, ధర పెంపు గాని లేకుండానే ఇది జరిగినది. నాణ్యత వ్యాపార ఫలితంపై చూపే ప్రభావం ఇంతటిది.

ఇప్పుడు నవకల్పనను చేర్చుదాము. గుడ్డ కత్తిరించే పద్ధతిని మార్చి, ముక్కలు వృథా పోకుండా అమర్చి, చొక్కా ఖర్చును 280కి తెచ్చినారు. రోజు ఖర్చు 28,000; లాభం 11,200. ఇది పద్ధతిలో వచ్చిన నవకల్పన.

మరొక విధంగా ఆలోచింతము. మొదటి స్థితిలోనే, అనగా నాణ్యత సరిదిద్దకుండానే, యజమాని కొత్త రకం చొక్కా ప్రవేశపెట్టినాడు. ధర 450. కాని చేతికి అలవాటు లేని పని గనుక 20 చొక్కాలు చెడిపోయినవి. 80 చొక్కాలకు రాబడి 36,000. లాభం మరల ఆ 6,000 రూపాయలే! కొత్తదనం తెచ్చిన అధిక ధరను లోపాలు మింగివేసినవి. పైగా నాసిరకం చొక్కా కొన్నవాడు తిరిగి ఆ దుకాణం మెట్టు ఎక్కడు. ఆ నష్టం ఈ లెక్కలో చేరనే లేదు. ఈ లెక్క వల్ల ఒక విషయం స్పష్టమవుతున్నది. నాణ్యత అనే పునాది లేనిచోట నవకల్పన ఫలం చేతికి అందదు.

ఇద్దరు తల్లులు, రెండు యంత్రాలు

నాణ్యత, నవకల్పన ఒకే వేరు నుండి మొలకెత్తుతాయనడానికి టొయోటా సంస్థ చరిత్ర మంచి నిదర్శనం. ఆ వంశ మూలపురుషుడు సకిచి టొయోడా 1867లో ఒక వడ్రంగి ఇంట జన్మించినాడు. తల్లి మగ్గంపై పడే కష్టం చూసి మగ్గాన్ని మెరుగుపరచ పూనుకొన్నాడని అతని జీవిత కథ చెబుతున్నది. 1924లో పూర్తయిన అతని స్వయంచాలక మగ్గంలో ఒక విశేషం ఉన్నది. నూలుపోగు తెగిన వెంటనే మగ్గం తనంతట తానే ఆగిపోతుంది. చూడడానికి ఇది చిన్న ఏర్పాటు. కాని దాని వల్ల లోపం గల బట్ట తయారు కావడం ఆగినది. ఒక్కొక్క మగ్గానికి ఒక్కొక్కరు కాపలా ఉండవలసిన అవసరమూ తప్పినది. నాణ్యత పెరిగినది, ఖర్చు తగ్గినది. ఆ మగ్గం హక్కులను 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ సంస్థ లక్ష పౌండ్లకు పొందినది. 1937లో సకిచి కుమారుడు కిఇచిరో ఆధ్వర్యంలో టొయోటా మోటారు సంస్థ వెలసినది.

తెగిన పోగుతో ఆగే మగ్గం సూత్రమే తరువాత కార్ల కర్మాగారానికి పాకినది. పని వరుసలో లోపం కనబడితే సామాన్య కార్మికుడైనా త్రాడు లాగి సహాయం పిలువవచ్చును. సరికాకపోతే వరుసనే ఆపవచ్చును. తైఇచి ఓనో అనే ఇంజనీరు, లోపానికి కారణం దొరికే వరకు ‘ఎందుకు?’ అని అయిదుమార్లు అడుగవలెనని నేర్పినాడు. 1951లో కార్మికుల సూచనలను స్వీకరించే పద్ధతిని ఆ సంస్థ ప్రారంభించినది. 1965లో డెమింగ్ బహుమతిని పొందినది.

రెండవ తల్లి మన తెలుగు నేలకు చెందినది. నాటి నల్లగొండ జిల్లా ఆలేరు ప్రాంతపు షారాజీపేటలో లక్ష్మి అనే నేతకారిణి పోచంపల్లి తరహా చీరలకు ఆసు పోసేది. ఆసు పోయడమంటే నూలును మేకుల చుట్టూ అర్ధవలయాకారంగా త్రిప్పడం. ఒక్క చీరకు చేతిని వేల సార్లు అటూ ఇటూ ఆడించవలె. భుజాలు, మోచేతులు నొప్పితో కుంగిపోయేవి. బడి చదువు మధ్యలోనే మానవలసి వచ్చిన ఆమె కుమారుడు చింతకింది మల్లేశం సంవత్సరాల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రాన్ని రూపొందించి, తల్లి పేరిట లక్ష్మీ ఆసుయంత్రమని పిలిచినాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గినది. రోజుకు రెండు చీరలకు మించి ఆసు పోయలేని ఇంట ఆరేడు చీరలకు పోయగలిగినారు. 2017లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించినది. చేసే పనిని దగ్గరగా చూసినవానికే దానిలోని బాధ, వృథా తెలుస్తాయి. ఆ గుర్తింపే నాణ్యతకు, నవకల్పనకు ఉమ్మడి మూలం.

భారతదేశపు పాత్ర

ఈ విద్య అంతా పరదేశాలదని భావించనక్కరలేదు. కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థ ఈ శాస్త్రానికి ముఖ్య కేంద్రాలలో ఒకటి. జపాను ఇంజనీరు గెనిచి టగుచి 1954–55లో ఆ సంస్థలో ఉండి ప్రయోగాల రూపకల్పనా పద్ధతులను లోతుగా పరిశీలించినాడు. కొలత నిర్ణీత హద్దులలో ఉంటే చాలునన్న భావాన్ని టగుచి అంగీకరించలేదు. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైనా తినగలము, కాస్త తక్కువైనా తినగలము; కాని సరిపడినప్పటి రుచి వేరు. సరియైన బిందువు నుండి ఎంత తొలగితే అంత నష్టమని ఆయన సిద్ధాంతం. ఇనా అనే జపాను పెంకుల సంస్థలో 1953లో జరిగిన ప్రయోగం దీనికి సంబంధించినదే. బట్టీలో వేడి సమంగా లేక పెంకుల కొలతలు తేడా పడేవి. బట్టీని మార్చడం అధిక వ్యయం. మట్టి మిశ్రమంలో సున్నపురాతి పాలును 1 శాతం నుండి 5 శాతానికి పెంచగా, వేడిలో తేడా ఉన్నప్పటికీ పెంకులు సమంగా వచ్చినవి. బట్టీ దోషాన్ని మట్టి సహించింది! నాణ్యతా సమస్యకు నవకల్పన ఇచ్చిన చౌకైన సమాధానం ఇది.

జపానులో కవోరు ఇషికావా ప్రోత్సాహంతో 1962లో నాణ్యతా వలయాలు, అనగా క్వాలిటీ సర్కిళ్ళు, మొదలైనవి. ఒకే చోట పనిచేసే కొద్దిమంది కార్మికులు స్వచ్ఛందంగా కూడి, తమ పనిలోని చిక్కులను తామే చర్చించి పరిష్కరించుకోవడం వాని లక్షణం. మన దేశంలో ఈ ప్రయోగానికి హైదరాబాదు సమీపాననే నాంది పలికినారు. 1980లో రామచంద్రాపురంలోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారంలో క్వాలిటీ సర్కిళ్ళు ప్రారంభమైనవి. ఆ ఉద్యమాన్ని దేశమంతటా వ్యాపింపజేయడానికి 1982లో హైదరాబాదు కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడినది. 1998లో మద్రాసుకు చెందిన సుందరం క్లేటన్ సంస్థ డెమింగ్ బహుమతిని పొంది, ఆ గౌరవం పొందిన తొలి భారతీయ సంస్థ అయినది.

నవకల్పన లేని నాణ్యత

నాణ్యత పునాది అన్నాము. అయితే పునాది మీద గోడ లేపనివానికి నీడ దొరకదు. స్విట్జర్లండు గడియారాల చరిత్ర ఇందుకు ఉదాహరణ. అక్కడి యాంత్రిక గడియారాల పనితనం జగత్ప్రసిద్ధం. 1969లో జపాను సంస్థ సీకో క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అంగడికి తెచ్చినది. మేలైన యాంత్రిక గడియారం కూడా రోజుకు కొన్ని సెకండ్లు తప్పితే, ఇది నెలకు అయిదు సెకండ్లకు మించి తప్పదని సీకో ప్రకటించినది. స్విస్ నిపుణులు కూడా ప్రయోగశాలలో క్వార్ట్జ్ గడియారాన్ని చేసి చూపినారు. కాని పరిశ్రమ దానిని తొందరగా అందిపుచ్చుకోలేదు. తరువాతి పదిహేనేండ్లలో అక్కడి గడియారాల పరిశ్రమలో అధిక సంఖ్యాకులు ఉపాధి కోల్పోయినారు. 1983లో కేవలం 51 భాగాలతో తయారైన స్వాచ్ గడియారం వచ్చిన తరువాతనే ఆ పరిశ్రమ కోలుకొన్నది. సరిగా కాలం చూపడమే గడియారపు నాణ్యత అయితే, నవకల్పన ఆ నాణ్యతకు కొలబద్దనే మార్చివేసినది. పాత కొలబద్దను పట్టుకొని కూర్చున్నవారు ఎంత నిపుణులైనా వెనుకబడినారు.

పత్రాల నాణ్యత

మరొక ప్రమాదం కూడా ఉన్నది. నాణ్యతా నిర్వహణ గోడకు వ్రేలాడే ధ్రువపత్రంగా మారితే అది పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న చందమవుతుంది. అమెరికాలో 1990లో ప్రతిష్ఠాత్మకమైన బాల్డ్రిజ్ బహుమతిని పొందిన వాలేస్ అనే సంస్థ 1992లో దివాలా రక్షణ కోరవలసి వచ్చినది. ఫ్లారిడా పవర్ అండ్ లైట్ సంస్థ 1989లో డెమింగ్ బహుమతిని అందుకొన్న తరువాత, కాగితపు పని మితిమీరినదని ఉద్యోగులు మొరపెట్టుకోగా ఆ విభాగాన్ని బాగా కుదించుకొన్నది. నాణ్యతకు మారుపేరైన టొయోటా సైతం 2009–10లో లక్షలాది కార్లను వెనుకకు పిలిపించుకొన్నది. ఎదుగుదల వేగం మనుషులను తీర్చిదిద్దే వేగాన్ని మించిపోయినదని ఆ సంస్థ అధ్యక్షుడు అకియో టొయోడా అమెరికా చట్టసభ సంఘం ఎదుట అంగీకరించినాడు.

అట్లని బహుమతులు పొందిన సంస్థలన్నీ ఇట్లే అయినవని తలచరాదు. కెవిన్ హెండ్రిక్స్, వినోద్ సింఘాల్ అనే పరిశోధకులు 1997లో ప్రకటించిన అధ్యయనంలో, నాణ్యతా బహుమతులు పొందిన సంస్థలను వానితో పోల్చదగిన ఇతర సంస్థల ప్రక్కన ఉంచి చూసినారు. వ్యాపార నిర్వహణ వల్ల వచ్చే ఆదాయంలో బహుమతి పొందిన సంస్థలే మొత్తం మీద ముందున్నవి. సాధన నిజమైనప్పుడు ఫలం దక్కుతున్నది. ఆడంబరమైనప్పుడు దక్కడం లేదు.

మనుషులు మారలేదు, పద్ధతి మారినది

ఈ ఫలం పనివారి లక్షణం వల్ల వస్తుందా, పద్ధతి వల్ల వస్తుందా అన్నది ముఖ్యమైన ప్రశ్న. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ పట్టణంలో జనరల్ మోటార్స్ కర్మాగారం ఒకటి ఉండేది. నాసిరకపు పనికి, గైర్హాజరుకు, తగాదాలకు పేరుపడి 1982లో మూతపడినది. 1984లో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి అదే చోట పని ప్రారంభించి, ఎక్కువ భాగం ఆ పాత కార్మికులనే తీసుకొన్నవి. కొద్ది కాలానికే అక్కడి కార్లు జనరల్ మోటార్స్ కర్మాగారాలలో మేలైనవని పేరు పొందినవి. పనివాడు సోమరి, అజ్ఞాని అని నిందించే యజమానులు ఈ చరిత్రను తప్పక చదువవలె. నిందింపబడినవారే, మాట వినే యాజమాన్యం, ఆలోచించే అవకాశం లభించినంతనే మేలైన పని చేసి చూపినారు.

ముగింపు

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు తేలుతున్నవి. నాణ్యత వృథాను తగ్గించి ఖర్చును, నమ్మకాన్ని పెంచి గిరాకీని చక్కబరుస్తుంది. నవకల్పన కొత్త విలువను సృష్టిస్తుంది. ప్రక్రియ స్థిరంగా ఉన్నప్పుడే చేసిన మార్పు మేలు చేసినదో కీడు చేసినదో తెలుస్తుంది గనుక నాణ్యత నవకల్పనకు కొలబద్ద అవుతుంది. నియమమే సర్వస్వమైనప్పుడు మాత్రం అదే సంకెల కాగలదు. రెండింటికీ ప్రాణం పనిచేసే మనిషి బుద్ధిని గౌరవించడం.

మన విద్యార్థినీ విద్యార్థులలో పెక్కుమంది చిన్న దుకాణాల, చేతిపనుల కుటుంబాలకు చెందినవారు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు పేరును కాపాడగలదే గాని, రాయి ఊడిపోయే గాజును కాపాడలేదు. లక్క కరిగించే చేతికి, రాళ్ళు పొదిగే కంటికి శాస్త్రపు తోడు కావలె. ఇంటి పనిలో రోజుకు ఎన్ని వస్తువులు చెడుతున్నవో ఒక నోటు పుస్తకంలో నెలరోజులు రాసి చూడండి. ఏ కారణం ఎన్నిసార్లు వచ్చినదో వేరుచేయండి. అన్నిటికన్న ఎక్కువసార్లు వచ్చిన కారణాన్ని ముందు పట్టుకొని, ఎందుకని అడుగుతూ పొండి. దీనికి పెట్టుబడి అక్కరలేదు. చదువుకొన్న బిడ్డ ఇంటి వృత్తిని చిన్నచూపు చూసి విడిచిపెట్టడం కన్న, తన చదువును ఆ వృత్తికి ఈ విధంగా అందించడం తల్లిదండ్రులకు నిజమైన సేవ కాగలదు.